ముందు దక్షిణానికి, తర్వాత ఉత్తరానికి

గండిమైసమ్మ చౌరస్తాలో తలెత్తితే విమానం కనబడటం వింతేమీ కాదు. పక్కనే దుండిగల్. అక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీ క్యాడెట్లు పిలాటస్ విమానాల్లో చక్కర్లు కొడుతూ ఉంటారు. అవి మనల్ని ఎక్కించుకోవు కనుక చికాగో ప్రయాణానికి శంషాబాదే గతి.

మ్యాపులో శంషాబాద్ మాకు దాదాపు తిన్నగా దక్షిణాన ఉంటుంది. గీత గీస్తే 37 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద సుల్తాన్‌పూర్, పటాన్‌చెరు, కోకాపేట చుట్టి వెళ్తే సుమారు 60. లారీలనీ కాలేజీ బస్సులనీ తప్పించుకుని ఔటర్ ఎక్కేదాకానే తిప్పలు. ఆ తర్వాత కారు జోరు చూస్తే, మూడు గంటల ముందే బయల్దేరమన్న ఇంట్లోవాళ్ల మీద కోపమొస్తుంది.

తమాషా ఏమిటంటే, చికాగోకి దగ్గరి దారి ఉత్తరంగానే ఉంది! గ్లోబు మీద హైదరాబాద్, చికాగోల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది అట్లాంటిక్ వైపు పోదు. కాస్త పడమరకు ఒరిగి పైకి ఎగబాకి, 79వ అక్షాంశం దాకా వెళ్లి అటునుంచి కెనడా మీదికి దిగుతుంది. పొడవు 13,280 కిలోమీటర్లు. 2021 జనవరి 15న ఎయిరిండియా ఈ రెండు ఊళ్ల మధ్య నేరు విమానం మొదలుపెట్టింది. పదహారు గంటలకు పైగా ప్రయాణం. కొద్దిరోజుల ముందే అదే సంస్థ మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు చేరారు. కెప్టెన్ జోయా అగర్వాల్ బృందంలో పాపగారి తన్మయి కూడా ఉన్నారు. చికాగో నేరు విమానం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు.

అందుకే నా టికెట్ దుబాయ్ మీదుగా. అక్కడికి 2,545 కిలోమీటర్లు, అక్కణ్నుంచి చికాగోకి 11,640. కలిపితే నేరు దారికన్నా పెరిగింది తొమ్మిది వందలే. గంటల లెక్క వేరు. గాల్లోనే పంతొమ్మిది గంటల పైచిలుకు, దుబాయ్‌లో ఎదురుచూపులు అదనం. పైగా పడమటికి పోయే విమానానికి జెట్ స్ట్రీమ్ ఎదురుగాలి. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి వచ్చేటప్పుడు తొందరగా తెచ్చేస్తుంది. టికెట్ మీద రాసిన వేళలు చూసి ఇది తెలుసుకోలేం. చలికాలంలో చికాగో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పదిన్నర. మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఎక్కిన నేరు విమానం, పదహారు గంటలు ఎగిరి కూడా, అదే రోజు సాయంత్రం దిగేది. పక్క సీటు పెద్దాయనకు ఈ లెక్క చెప్తే, “అంటే ఒకే రోజు రెండుసార్లు భోజనం దండుకోవచ్చన్నమాట” అన్నాడు.

చికాగో విమానాశ్రయం ఓహేర్‌లో ఇమ్మిగ్రేషన్ వరుస కదిలి బయటికొచ్చేసరికి మేనల్లుడు కారుతో సిద్ధంగా ఉన్నాడు. వాళ్లుండేది నేపర్‌విల్‌లో. ట్రాఫిక్ లేకపోతే ఇంకో ముప్పావు గంట.