వెండి గడియారము

మా తల్లిగారు పోయిన పిమ్మట వారి వస్తువులు పంచుకొనునాడు కాలికడియములు రెండు మిగిలినవి. ఒక్కొక్కటి 15 తులముల బరువు. మేమిద్దరము అక్కచెల్లెండ్రము గనుక చెరి యొకటి తీసికొంటిమి. ఇంటికి వచ్చి పెట్టెలో వేసిన తరువాతగాని, ఒంటి కడియమును ఏమి చేసికొందుమన్న మాట మాకు తోచలేదు. చెల్లెలును అట్లే దాచుకొన్నది. ఏడేండ్లు గడచినవి.

ఆ పెట్టెలోనే మా పాత హెచ్.ఎమ్.టి. చేతిగడియారముకూడ నుండెడిది. 1961లో బెంగుళూరున మొదలైన ఆ గడియారముల కంపెనీని మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది గాని, మా దానిలోని యంత్రము మాత్రము కీ యిచ్చినచో నేటికిని నడచును. తోలుపట్టీ తెగినది, పైతొడుగు పూతపోయి ఇత్తడి తేలినది.

మా యత్తగారికి దినమునకు నాలుగుమారులు వేళతప్పక మందీయవలసి వచ్చినపుడు ఈ రెండు వస్తువులును ఒక్కసారి జ్ఞాపకమునకు వచ్చినవి. పిండిచేతులతో ఫోను ముట్టుకొనలేము. గోడగడియారము వంటయింటినుండి కనబడదు. మణికట్టున నున్నదైనచో చేయి త్రిప్పి చూచినంతనే చాలును గదా!

వెండితీగెపనికి కరీంనగరము పేరుపడిన చోటు. 2007లో ఆ పనికి భౌగోళిక గుర్తింపుకూడ వచ్చినది. కడియమును, గడియారమును మూటగట్టుకొని అచ్చటికే పోతిమి. పనివారు పెద్దవారు. కడియమును తూచి, “మీ కండ్లయెదుటనే కరిగింతునా అమ్మా?” యని యడిగిరి. సరే యంటిమి. కడియము లోపలివైపున మా తల్లిగారి కాలి రాపిడికి నున్నబడిన చోటొకటి యుండెను. దానిని వ్రేలితో తడిమి ఆయన చేతికిచ్చితిమి. వెండి కరుగుటకు 962 డిగ్రీల వేడి కావలెనట. మూసలో చాలసేపు అది కడియముగనే యుండి, ఎఱ్ఱబడి, చూచుచుండగనే ఒక్కమారుగా క్రుంగిపోయినది. వలదని చెప్పుటకు అప్పటికి వేళ మించినది.

తరువాతి పని మాత్రము కన్నులపండువు. మేలిమివెండిని కమ్మచ్చు రంధ్రములగుండ ఒకదాని తరువాత నొకటిగా లాగి వెండ్రుకవలె సన్నని తీగె చేయుదురు. రెండు తీగెలు పేని, అణచి, పట్టకారుతో సుడులు త్రిప్పి, లావుపాటి తీగె చట్రములో నిమిడ్చి, వెలిగారముతో టంకపుపొడి చల్లి ఊదుగొట్టముతో అతుకుదురు. పట్టీయంతయు నట్లే అల్లెదనని ఆయన ముచ్చటపడిరి. మేమొప్పుకొనలేదు. తీగెపనిలో చీరపోగులు చిక్కుకొనును, పిండి యిరుకును. తొడుగున కిరువైపుల చెరియొక పూవు మాత్రము తీగెతో చేయించి, పట్టీకి నున్నని బిళ్లలే వేయించితిమి. ఉత్త వెండి మెత్తన గనుక బిళ్లలకు 1000 పాళ్లలో 75 పాళ్లు రాగి కలిపిరి. లోని యంత్రము యంత్రశాలలో పుట్టినదే. చేతిపని యంతయు పైదే. మొదట పెట్టిన కొక్కెము నెలతిరుగకుండ ఊడి గడియారము గంగాళములో పడబోయెను. ఇపుడు కంకణమునకువలె మర పెట్టించితిమి.

మణికట్టు గడియారము మొదట స్త్రీల సొమ్మే. 1810లో నేపుల్స్ రాణి కారొలీను మ్యూరా పారిసునందలి బ్రెగేగారిచేత ఒకటి చేయ నారంభింపించినది. మగవారు జేబు గడియారములు పెట్టుకొని, మణికట్టుది ఆడవారి నగయని నవ్వుచుండిరి. 1914లో యుద్ధమువచ్చి కందకములలో జేబులు తడవుకొనుటకు వీలులేనపుడు సైనికులును విరివిగా కట్టుకొనసాగిరి. వానిలో వెండితొడుగులవి యనేకము.

వెండి నల్లబడునని కొందఱు వెనుదీయుదురు. గాలిలోని గంధకపు అంశచే నల్లబడుట నిజమే. ఉల్లిపాయలు, గ్రుడ్లు తాకిన చేతులకు మరింత త్వరగా నల్లబడును. మేము వారమున కొకమారు మెత్తని పొడిగుడ్డపై కొంచెము విభూతి చల్లి తుడుచుచున్నాము. నీట ముంచుట, చింతపండు రుద్దుట గడియారమునకు పనికిరావు. ప్రతిదినము ధరించునది తుడువకున్నను అంతగా నల్లబడుట లేదు.

మా పినతల్లిగారు చూచి, “కాళ్లవెండిని చేతికెక్కించితివా?” యనిరి. బంగారము కాళ్లకు కూడదనియు వెండియే కాళ్లదనియు ఆమె పట్టింపు. “అమ్మ కాళ్లది గదా పిన్నీ” యంటిమి. ఆమె మరి మాటాడలేదు.

చెల్లెలికి మాత్రము ఏమి చెప్పుటకును నోరు రాలేదు. సంక్రాంతికి వచ్చి, గడియారమును చూచి, “నన్నొక్కమాట అడుగవైతివేమి అక్కా? నా కడియమున కిపుడు జత యేది?” యన్నది. ఒంటి కడియము మాది మాత్రమే యైనట్లు తలచితిమిగాని, రెండవ యింట నున్నది దీని జతయే యను మాట ఆ కొలిమి యెదుటనైనను మాకు తోచకపోయెను.

ఆమె గడియారమును చెవికడ పెట్టుకొన్నది. పండుగ హడావుడిలో కీ యిచ్చుట మరచితిమి కాబోలు, ఆగియున్నది. తానే కీ యిచ్చి, వేళ సరిచేసి, చేతికి పెట్టుకొని, ఆ రాత్రి మా యత్తగారికి మందు తానే యిచ్చినది. మరునాడు వెళ్లునపుడు తీసి మా చేతిలో పెట్టినది. గడియారమునకు 5 తులములు పట్టినది, ఒకటి తరుగు పోయినది. మిగిలిన 9 తులముల వెండిముద్ద మా పెట్టెలో నున్నది. కడియము ఆమె పెట్టెలో నున్నది.