మామయ్య మేడగది

వేసవి సెలవులకి మారేడుపల్లిలో అమ్మమ్మ ఇంటికి చేరితే ముందు పలకరించేవి వాసనలే. తడిసిన కూలర్ గడ్డి, దాబా మీద ఎండుతున్న సగ్గుబియ్యం వడియాలు, మామయ్య మేడగదిలోంచి మెట్ల మీదుగా దిగివచ్చే సోల్డరింగ్ పొగ. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణాల నుంచి పాత లాప్‌టాప్‌లు తెచ్చి, పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలోంచి లినక్స్ ఎక్కించి, మళ్లీ పనిలో పెట్టేవాడు మామయ్య. 2000 దాటిన తొలి ఏళ్లవి.

వాటిలో చాలావాటికి నెట్‌వర్క్ లోపల ఉండేది కాదు. పక్కనున్న సందులోకి ఏటీఎం కార్డంత పొడవూ వెడల్పూ ఉండే పీసీఎంసీఐఏ కార్డు దూర్చాలి. డేవిడ్ హైండ్స్ అనే ఆయన రాసిన ప్రోగ్రాం వెంటనే కూత పెట్టేది. రెండు సన్నకూతలు వస్తే అంతా బాగున్నట్టు, మొదటిది సన్నగా, రెండోది బొంగురుగా వస్తే కార్డును గుర్తుపట్టింది గానీ నడపలేకపోయినట్టు, ఒక్క బొంగురు కూతతో ఆగిపోతే అసలు ఆనవాలే దొరకనట్టు. మామయ్య చూపు స్క్రీన్ మీదే ఉంచి, "అమ్మడూ, ఏం కూసింది?" అనేవాడు. వడియాల దగ్గర కాకుల్ని తోలుతూనే చెవి అటు పడేసి చెప్పేదాన్ని.

బొంగురు కూత వచ్చినా కార్డు పాడైందని మామయ్య అనేవాడు కాదు. టార్చి నా చేతికిచ్చి, సందులో 68 సూదుల్లో ఏదైనా వంగిందేమో చూపించమనేవాడు. తర్వాత ఎల్ఎస్‌పీసీఐ కొట్టి, కార్డ్‌బస్ బ్రిడ్జ్ అన్న వరస ఉందో లేదో చూసేవాడు. 16 బిట్ల పాత కార్డులు ఆ జాబితాలోకి రావు కాబట్టి, కార్డ్‌సీటీఎల్ ఐడెంట్ అని కార్డునే పేరడిగేవాడు. అది చెప్పిన పేరును అక్షరం పొల్లుపోకుండా కాన్ఫిగ్ ఫైల్లోకి ఎక్కించి, దాని కింద బైండ్ అని రాసి పీసీనెట్_సీఎస్ డ్రైవరుకు ముడిపెట్టేవాడు. పేరులేని చవక కార్డుల్లో చాలావరకు ఎన్ఈ2000 తరహావే, ఆ డ్రైవరుకు లొంగేవి. ఈలోగా కరెంటు పోతే, అమ్మమ్మ కింద నుంచి "ఒరేయ్, ఆ పెట్టెలు వదిలి అన్నానికి రండిరా" అని కేకేసేది. ఆవకాయ అన్నం ముద్దలు తినిపిస్తుంటే మామయ్య ఇంకా ఆ వరసల గురించే చెప్పేవాడు, నేనూ వింటూ తినేదాన్ని.

2005లో వచ్చిన 2.6.13 కెర్నెల్ నుంచి కార్డుల్ని పోల్చుకునే పని కెర్నెలే చూసుకోసాగింది, కూతలతో అవసరం తీరింది. నా ఉద్యోగమూ యంత్రాలతోనే. ఏది కనబడకపోయినా ముందు సందు, తర్వాత బ్రిడ్జ్, తర్వాత కార్డు, ఆఖర్న డ్రైవరు, ఆ వరసలోనే వెతుకుతాను. అప్పటికీ దొరక్కపోతే మామయ్యకి ఫోన్ చేస్తాను. డీమెసేజ్‌లో ఆఖరి వరసలు చదివించుకుని, ఆ తర్వాతే అన్నం తిన్నావా అని అడుగుతాడు.