చాలానీ

"ఈట్ లైక్ ఎ లోకల్" అనే మాట ఎక్కడ కనిపించినా నాకు ముందు గుర్తొచ్చేది తిండి కాదు, ఎంసెట్ కౌన్సెలింగ్. ట్రావెల్ వ్యాసాలు రాసేవాళ్ళకి లోకల్ అంటే ఒక రుచి. మనకి లోకల్ అంటే ఒక సర్టిఫికెట్. పరీక్ష రాసే నాటికి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావు, ఏ యూనివర్సిటీ ఏరియా కిందికి వస్తావు, 85 శాతంలో ఉన్నావా మిగతా 15లో పోటీ పడాలా. 1919 నాటి ముల్కీ నిబంధనల నుంచి 371-డి దాకా ఈ ఒక్క పదం మీద మన రెండు రాష్ట్రాల్లో ఎంత రాజకీయం నడిచిందో చెప్పక్కర్లేదు. అందుకే రెండు రోజుల కోసం ఒక ఊరికెళ్ళి అక్కడ "లోకల్‌లా తినడం" ఎలాగో పది పాయింట్లలో చెప్పే వ్యాసం చూస్తే కొంచెం నవ్వొస్తుంది. హైదరాబాద్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నా నేనింకా లోకల్ కాలేదు. శని, ఆదివారాల్లో కలకత్తాలో ఎలా అయిపోతాను?

అయినా అలాంటి వ్యాసాలు నేనూ చదువుతాను. ఆఫీస్ పని మీద సాల్ట్ లేక్ వెళ్ళి, శుక్రవారంతో పని ముగించుకుని, వెనక్కి టికెట్ ఆదివారం రాత్రికి మార్చుకున్నప్పుడు అలాంటివి ఓ పాతిక చదివాను. అన్నిట్లోనూ దాదాపు అవే పేర్లు. ఆ పేర్ల వెనకాల కథలు చూస్తుంటే ఒక సంగతి తట్టింది. కలకత్తా "లోకల్" తిండిలో చాలా భాగం బయటి నుంచి వచ్చినవాళ్ళు పెట్టిందే.

బిర్యానీలో ఆలుగడ్డ ఉంటుంది కదా, దాని కథ 1856లో అవధ్ రాజ్యం పోగొట్టుకుని మటియాబుర్జ్‌లో వచ్చి పడ్డ వాజిద్ అలీ షా దగ్గర మొదలవుతుంది. డబ్బు చాలక మాంసం బదులు ఆలుగడ్డ వేశారని ఒక కథ. అప్పట్లో ఆలుగడ్డే ఖరీదైన వింత సరుకు, గొప్ప కోసం వేశారని ఇంకో కథ. తిరెట్టా బజార్లో తెల్లారగట్ల దొరికే చైనీస్ టిఫిన్ అక్కడ స్థిరపడ్డ చైనా కుటుంబాలది. న్యూ మార్కెట్లో ప్లమ్ కేక్ అమ్మే నహూమ్స్ బాగ్దాదీ యూదులది. ఇవన్నీ ఇప్పుడు కలకత్తావే. ఎవరూ స్టడీ సర్టిఫికెట్ అడగలేదు.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది మాత్రం వీటి కోసం కాదు, పైస్ హోటళ్ళ కోసం.

'పైస్' అంటే పాత పైసా. రూపాయికి అరవై నాలుగు. ఆ పైసల్లో లెక్క కట్టి అన్నం పెట్టిన హోటళ్ళు కాబట్టి ఆ పేరు. పల్లెల నుంచి గుమాస్తా ఉద్యోగాలకో, కాలేజీ చదువులకో వచ్చి, మెస్ ఇళ్ళలో గదికి నలుగురైదుగురు చొప్పున ఉన్న మగవాళ్ళ కోసం పుట్టాయివి. రాష్‌బిహారీ ఎవెన్యూ దగ్గరి తరుణ్ నికేతన్ 1915 నాటిది. జాన్ బజార్ వైపు సిద్ధేశ్వరి ఆశ్రమ్ ఉంది. కాలేజ్ స్ట్రీట్ పక్కన భవానీ దత్తా లేన్‌లో స్వాధీన్ భారత్ హిందూ హోటల్ ఉంది. దాన్ని మొదలుపెట్టిన కుటుంబం ఒడిశా నుంచి వచ్చింది. అంటే ఈ రోజు కలకత్తాలో "అసలు సిసలు లోకల్ భోజనం" అని అందరూ చెప్పే చోటు, ఊరికి కొత్తవాళ్ళ కోసం ఊరికి కొత్తవాళ్ళు పెట్టిన చోటు. లోకల్ మనిషి మధ్యాహ్నం ఇంట్లో తింటాడు. హోటల్ అవసరమయ్యేది ఇల్లు దూరంగా ఉన్నవాడికి.

బెంగాలీ సాహిత్యంలో దీని మీద ఒక మంచి నవల ఉంది, బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'ఆదర్శ హిందూ హోటల్'. రాణాఘాట్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక హోటల్లో వంటవాడు హజారి ఠాకూర్. సొంత హోటల్ పెట్టుకోవాలన్నది అతని కల. నాకు ఆ నవల ఇష్టమవడానికి కారణం, అందులో వంట ఒక కళ అని ఉపన్యాసం ఉండదు. జీతం ఉంటుంది, యజమాని చూపు ఉంటుంది, రైలు దిగే జనం ఉంటారు. శరత్ బాబు తెలుగువాడే అనుకుని పెరిగిన తరం మా అమ్మానాన్నలది. వాళ్ళు చక్రపాణి అనువాదాల్లో బెంగాల్‌ని చూశారు. కానీ ఆ పుస్తకాల్లో మనుషులు కూర్చుని తినే చేపల పులుసు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలీదు.

మా నాన్న విషయంలో ఇది ఇంకొంచెం విచిత్రం. ఎందుకంటే ఆ చేపని పంపేది ఆయనే.

మాది కైకలూరు దగ్గర పల్లె, కొల్లేటి పక్క. నాన్నకి ఓ చేపల చెరువు ఉంది. శీలావతి, బొచ్చె. పట్టుబడి రోజున తెల్లవారుజామునే వల లాగి, తూకం వేసి, ట్రేలలో చేప మీద ఐసు, ఐసు మీద చేప పేర్చి లారీ ఎక్కిస్తారు. లారీ వెయ్యి కిలోమీటర్లకి పైగా నడిచి హౌరా చేరుతుంది. శీలావతిని అక్కడ రుయి అంటారు, బొచ్చెని కాత్లా. ముప్ఫై ఏళ్ళుగా నాన్న చేప కలకత్తా వెళ్తోంది, నాన్న ఎప్పుడూ వెళ్ళలేదు. మా ఇంట్లో ఆ చేప పెద్దగా తినరు కూడా. మాకు కొర్రమేను కావాలి, జెల్లలు కావాలి, మట్టగిడసలు కావాలి. శీలావతి పట్టుబడి రోజున మాత్రం ఒకటి ఇంటికొస్తుంది, అదీ కూలీలకి వండటానికి.

ఈసారి నేను కలకత్తా వెళ్తున్నానంటే నాన్న ఫోన్లో అన్నది ఒకటే. "మన చేప తిని చూడరా. వాళ్ళు ఎట్టా వండుతారో చెప్పు."

ఈ మాట ఊరికే అన్నది కాదు. ఆయనకి అరవై ఏడు. ఈ ఏడాది పట్టుబడి అయ్యాక చెరువు లీజుకి ఇచ్చేద్దామా అన్న మాట ఇంట్లో నలుగుతోంది. తీసుకుంటానన్నాయన రొయ్య వేస్తాడట. కాబట్టి కలకత్తాకి వెళ్ళే చేప ఇంక వెళ్ళకపోవచ్చు.

శనివారం పొద్దున గరియాహాట్ మార్కెట్‌కి వెళ్ళాను. మీరు కలకత్తాలో రెండు రోజులే ఉంటే, హోటల్ కంటే ముందు చేపల బజారుకి వెళ్ళండి. ఆ రోజు ఊరు ఏం తింటుందో అక్కడే తెలుస్తుంది. చేపలు కోసేవాళ్ళు మన కత్తిపీట లాంటి దాని ముందే కూర్చుంటారు. దాన్ని బొటీ అంటారు. కత్తి కదలదు, చేపే కదులుతుంది. తల వేరు, పొట్ట ముక్క వేరు, వీపు ముక్క వేరు. పొట్ట ముక్క పేటీ, వీపు ముక్క గాదా. కొనేవాళ్ళు ఏ ముక్క కావాలో ముందే చెప్పి నిలబడతారు. తల పెసరపప్పులోకి వెళ్తుంది.

ఒక కొట్టు దగ్గర రెండు కుప్పల రుయి ఉంది. ఒకటి నీళ్ళ పళ్ళెంలో ఇంకా కదులుతోంది, రెండోది ఐసు మీద. ధరలో బాగా తేడా. ఎందుకని హిందీలో అడిగాను. అతను మొదటి కుప్ప చూపించి "ఏటా లోకల్" అన్నాడు. రెండోది చూపించి "చాలానీ. ఆంధ్రా" అన్నాడు.

చాలాన్ అంటే సరుకు పంపడం. మన చలానాకి చుట్టమే. చాలానీ మాఛ్ అంటే బయటి నుంచి లారీలో వచ్చిన చేప. బతికున్న లోకల్ చేప ముందు దాని పరువు తక్కువ, ధర తక్కువ. బెంగాలీ ఇంట్లో పెళ్ళి తత్వంలో అలంకరించి పంపాలంటే పెద్ద రుయి వెతుకుతారు. రోజువారీ ఝోల్‌కి మాత్రం చాలామంది కొనేది ఐసు మీద ఉన్నదే. ఎంసెట్ కౌన్సెలింగ్ హాల్లో విన్న పదమే మళ్ళీ విన్నాను, ఈసారి ఒక చేప గురించి. నేనా ఊరివాణ్ణని అతనికి చెప్పలేదు. చెప్తే తగ్గించి ఇస్తాడా, ఇంకేమైనా అంటాడా అని కాదు. ఏం చెప్పాలో తోచలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒక పైస్ హోటల్లో కూర్చున్నాను. ఈ టైము ముఖ్యం. రెండు దాటితే మంచి చేపలు అయిపోతాయి, బోర్డు మీద పేర్లు ఒక్కోటి చెరిపేస్తూ వస్తారు. ఆ బోర్డే మెనూ, ఏ రోజుది ఆ రోజే. బల్ల మీద అరిటాకు, మట్టి గ్లాసు. ఆకుకి, గ్లాసుకి కూడా విడిగా లెక్క కడతారు. అన్నం ఇంత, పప్పు ఇంత, నిమ్మచెక్క ఇంత. మన మెస్సుల్లో 'ఫుల్ మీల్స్' అని ఒక రేటు కట్టి ఎంతైనా తినమంటారు, ఇక్కడ తిన్నదానికే డబ్బు. జేబులో ఎన్ని పైసలున్నాయో చూసుకుని తినే మనిషి కోసం చేసిన పద్ధతి అది. పక్క బల్ల దగ్గర ఒకాయన అన్నం, పప్పు, ఒక బజ్జీతో ముగించి లేచిపోయాడు. ఎవరూ వింతగా చూడలేదు.

వరస కూడా తెలుసుకుని వెళ్తే మంచిది. ముందు చేదు, అంటే శుక్తో. కాకరకాయ, ములక్కాడ, వంకాయ, అరటికాయ లాంటివి వేసి పల్చగా చేస్తారు. తర్వాత పప్పు, వేపుడు. తర్వాత కూర, గసగసాల ముద్దలో చేసిన ఆలూ పోస్తో దొరికితే వదలొద్దు. ఆ తర్వాతే చేప. చివర్లో తియ్యటి చట్నీ. మనం పప్పు, కూర, పులుసు, పెరుగు అని ఎలా నడుస్తామో వాళ్ళకీ అలాంటి నడకే ఉంది. అన్నీ ఒకేసారి కలిపేసుకుంటే వడ్డించేవాళ్ళు ఏమీ అనరు గానీ, ఒకసారి మన ఆకు వైపు చూస్తారు.

చేప దగ్గరికొచ్చేసరికి వడ్డించే అతను పార్షే తీసుకోమన్నాడు. బాగుంది, లోకల్ అన్నాడు. రుయి ఉందా అంటే ఉంది, కానీ అది చాలానీ అన్నాడు. అదే కావాలన్నాను. మీదే ఊరని అడిగితే ఒడిశా, భద్రక్ అన్నాడు. ఒడిశా మనిషి, ఆంధ్రా మనిషికి, ఆంధ్రా చేప ఎందుకు తినకూడదో కలకత్తాలో హిందీలో చెప్తున్నాడు.

చిన్న గిన్నెలో పొట్ట ముక్క వచ్చింది. పల్చటి పసుపు రసం, పొడుగ్గా కోసిన ఆలుగడ్డ, చీల్చిన పచ్చిమిర్చి, నల్ల జీలకర్ర. ఆవనూనె వాసన ముందు తగులుతుంది. చింతపండు లేదు, వెల్లుల్లి లేదు, కారప్పొడి లేదు. మన పులుసులో చేప మసాలా వెనకాల దాక్కోవచ్చు. ఇందులో దాక్కోవడానికి చోటు లేదు. ముందు ఉప్పూ పసుపూ రాసి నూనెలో వేయించి ఆ తర్వాత రసంలో వేస్తారు కాబట్టి ముక్క విడిపోలేదు. బాగుంది. గొప్పగా ఉందని చెప్పను. కొంచెం పీచుగా ఉంది, ఐసులో రెండు రాత్రులు గడిపిన చేప ఎలా ఉంటుందో అలాగే ఉంది. అన్నం మళ్ళీ అడిగి తిన్నాను.

ఇక్కడ ఊరి మీద ప్రేమతో కొన్ని మర్చిపోవడం సులువు. ఆ చేప వెనక కొల్లేరు ఉంది. వరి పొలాలూ, సరస్సు అంచులూ చెరువులైపోయిన నేల అది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెంచారు. నాన్న చెరువు ఆ హద్దుకి బయట ఉంది కాబట్టి మిగిలింది. బయటివి మంచివి, లోపలివి చెడ్డవి అని గట్టు మీద నిలబడి చెప్పడం కష్టం, నీళ్ళు రెండూ ఒకే కాలవలో కలుస్తాయి. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ నీళ్ళలోంచే వచ్చింది. నేను చిన్నప్పుడు కొల్లేట్లో పట్టుకున్న మట్టగిడసలు ఇప్పుడు అంతగా దొరక్కపోవడానికీ అవే కారణం కావచ్చు. కలకత్తాలో చౌకగా ఒక చేపముక్క దొరకడానికి మా ఊళ్ళో చెల్లించిన ధరలో ఇదీ ఒక భాగం. "లోకల్‌గా తినండి, దగ్గరది తినండి" అనే సలహా బాగానే ఉంటుంది. కానీ ఆ గుమాస్తా మధ్యాహ్నం భోజనంలోకి చేప రావాలంటే ఎవరో ఒకరు ఎక్కడో దూరంగా చెరువు తవ్వాల్సి వచ్చింది.

సాయంత్రం కాలేజ్ స్ట్రీట్‌లో, 1918 నాటి పారమౌంట్‌లో కొబ్బరినీళ్ళ షర్బత్ ముందు కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను.

"తిన్నావా?"

"తిన్నా."

"పొట్ట ముక్కా, వీపు ముక్కా?"

"పొట్ట. చింతపండు వెయ్యరు నాన్నా. ఆలుగడ్డ వేస్తారు."

"చింతపండు లేకుండా చేపేంట్రా?" అని కాసేపు నవ్వాడు. తర్వాత ఎంత తీసుకున్నారని అడిగాడు. చెప్పాను. కిలోకి చెరువు గట్టు మీద ఆయనకొచ్చేదీ, ఆ ఒక్క ముక్కకి వాళ్ళు తీసుకున్నదీ ఇంచుమించు ఒకటే. కోపం వస్తుందనుకున్నాను.

"ఐసు, లారీ కిరాయి, అక్కడ కమీషన్, నూనె. వండినోడికి రావద్దా మరి," అన్నాడు.

చాలానీ అన్న మాట కూడా చెప్పాను. ఆ మాట ఆయనకి ఎప్పటి నుంచో తెలుసట. అక్కడి వ్యాపారి ఫోన్లో రేటు తగ్గించాల్సి వచ్చినప్పుడల్లా అదే అంటాడట.

"బతికున్న చేపకీ ఐసు చేపకీ తేడా ఉంటది కదరా. మనమూ కొర్రమేను బతికుంటేనే కొంటాం." ఆగి, "కానీ కొంటున్నారుగా. రోజూ కొంటున్నారుగా," అన్నాడు.

లీజు సంగతి ఏం చేశారని అడిగాను. వచ్చే పట్టుబడి అయ్యాక చూద్దాం అన్నాడు. రేపు పొద్దున ఏం తింటావని అడిగాడు. తిరెట్టా బజార్లో చైనావాళ్ళ టిఫిన్ అని చెప్పాను. "చేపతో చేస్తారేమో కనుక్కో," అన్నాడు.