విడి ప్రతులు

పరిశోధన పత్రికలో వచ్చిన ఒక వ్యాసాన్ని అదే టైపుతో అదనంగా అచ్చొత్తి, మిగతా సంచికతో సంబంధం లేకుండా పలచటి అట్ట వేసి కుట్టిన ప్రతిని ఆఫ్‌ప్రింట్ అంటారు. మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వినిపించే మాట రీప్రింటు. చాలా కాలం పాటు పరిశోధకుడికి పత్రిక ముట్టజెప్పిన ప్రతిఫలం ఇదొక్కటే. పాతికో యాభయ్యో ప్రతులు ఉచితంగా ఇచ్చేవారు. అంతకు మించి కావాలంటే డబ్బు కట్టాల్సి వచ్చేది. సంచిక చందాదారుల ఇళ్లకూ గ్రంథాలయాలకూ వెళ్లేది. విడి ప్రతి మాత్రం తన వ్యాసం ఎవరు చదవాలని రచయిత ఆశపడ్డాడో వాళ్ల చేతికే వెళ్లేది. విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఈ కాసిని కాగితాలకు అంత చోటు దక్కింది అందుకే.

సీసపు అక్షరాల కాలంలో దీని తయారీకి పెద్ద ఖర్చు లేదు. పత్రిక ఫారాలు, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కూర్పులు, అచ్చయ్యాక టైపు విప్పి గళ్లలో వేసేయకముందే, కావలసిన ఫారాన్ని మరికొన్ని కాగితాల మీద తీసేవారు. కంపోజింగ్ ఖర్చు అప్పటికే పత్రిక ఖాతాలో పడి ఉండేది. కాగితం, సిరా, కుట్టుపని మాత్రమే అదనం. పేజీ సంఖ్యలు సంచికలోవే ఉండిపోవడంతో, చేతిలో ఉన్నది పన్నెండు పేజీలే అయినా మొదటి పేజీ మీద మూడంకెల సంఖ్య కనిపించేది. వ్యాసం ఫారం మధ్యలో మొదలైతే, ఎవరిదో ముందు వ్యాసం చివరి పేరా కూడా వెంట వచ్చేది. కొన్ని ప్రెస్సులు అలాంటివి తీసేసి, పేజీలకు మళ్లీ ఒకటి నుంచి అంకెలు వేసేవి. చూడటానికి అదే బాగుండేది కానీ, ఆ ప్రతిని చూసి ఉటంకించినవాడి పేజీ సంఖ్య అసలు సంచికతో కలిసేది కాదు. తర్వాతి పరిశోధకులు ఈ తేడాతో పడ్డ అవస్థ తక్కువది కాదు.

యూరప్ ప్రెస్సుల నుంచి ఈ ప్రతులు తరచుగా అంచులు కత్తిరించకుండానే వచ్చేవి. చదవదలచినవాడు కాగితపు కత్తితో మడతలు కోసుకోవాలి. కాబట్టి ఒక ప్రతి అందినవాడు దాన్ని చదివాడో లేదో మడతలే చెప్పేస్తాయి. గ్రెగర్ మెండెల్ కథలో ఇది బాధ కలిగించే సాక్ష్యం. బఠాణీ మొక్కల మీద ఆయన చేసిన ప్రయోగాల వ్యాసం 1866లో బ్రూన్ నగరంలోని ప్రకృతి పరిశోధక సంఘం పత్రికలో వచ్చింది. మెండెల్ నలభై విడి ప్రతులు వేయించుకున్నారు. ఒకటి ఇన్స్‌బ్రుక్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు కెర్నర్‌కు పంపారు. కెర్నర్ చనిపోయాక చూస్తే దాని మడతలు విప్పనే లేదు. మరో ప్రతి అందుకున్న మ్యూనిక్‌ వృక్షశాస్త్రజ్ఞుడు నేగెలి అలా వదిలేయలేదు. కొన్నేళ్ల పాటు మెండెల్‌కు ఉత్తరాలు రాశారు. కానీ బఠాణీల ఫలితాల లోతు గ్రహించక, తనకిష్టమైన హైరేసియం మొక్కల మీద పని చేయమన్నారు. ఆ మొక్కలు చాలావరకు ఫలదీకరణ లేకుండానే గింజ కడతాయి, కాబట్టి బఠాణీల్లో మెండెల్ కనుగొన్న వంశపారంపర్య సూత్రాలు అక్కడ కనబడవు. డార్విన్ దగ్గర కూడా విప్పని మెండెల్ ప్రతి ఒకటి ఉండేదని తరచుగా చెబుతారు. అది నిజం కాదు. ఆయన గ్రంథాలయంలో మెండెల్ విడి ప్రతి లేదు. మెండెల్ ప్రస్తావన ఉన్న, వృక్షశాస్త్రజ్ఞుడు ఫోకే రాసిన గ్రంథం మాత్రం, ఆ పేజీలు కోయకుండా, ఉంది. 1900లో మెండెల్ సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చిన వేళ కూడా ఒక విడి ప్రతి అక్కడ ఉంది. ఆ సూత్రాలను మళ్లీ కనుగొన్నవారిలో ఒకరైన వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూగో డి వ్రీస్, శాస్త్రవేత్త బైయెరింక్ దగ్గరున్న మెండెల్ ప్రతి తనకు అందిందని తర్వాతి కాలంలో చెప్పుకున్నారు.

పంపినవి వృథా కాని ఉదాహరణ అమెరికాలో ఉంది. యేల్ ఆచార్యుడు జోసయా విల్లర్డ్ గిబ్స్ రసాయన ఉష్ణగతిక శాస్త్రానికి పునాది వేసిన సుదీర్ఘ వ్యాసాన్ని 1876, 1878లలో కనెక్టికట్ అకాడమీ పత్రికలో ప్రచురించారు. యూరప్‌లో ఆ పత్రిక చూసేవారు బహు కొద్దిమంది. గిబ్స్ ఆ లోటును తపాలాతో పూడ్చుకున్నారు. తన వ్యాసాల విడి ప్రతులు ఎవరెవరికి పంపాలో పేర్లు రాసి పెట్టుకున్నారు. ఆ జాబితా నేటికీ నిలిచి ఉంది. ఆయన తొలి వ్యాసాలు చదివిన భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ వాటిలో వర్ణించిన ఉష్ణగతిక ఉపరితలాన్ని ప్లాస్టర్‌తో మలిచి, ఒక నమూనాను గిబ్స్‌కే పంపారు. 1892లో రసాయనశాస్త్రజ్ఞుడు ఓస్ట్‌వాల్డ్ జర్మన్‌లోకి అనువదించే దాకా, ఆ గొప్ప పనిని మోసినవి చాలావరకు ఈ పొట్లాలే.

ఇలా ప్రతులు పంపడంలో వేగం విలువ తెలిసినవారు సి.వి. రామన్. ఆయన కలకత్తాలో 1928 ఫిబ్రవరి 28న కొత్త కాంతి పరిక్షేపణను గమనించారు. మార్చి 16న బెంగుళూరులో ప్రసంగించారు. ఆ ప్రసంగం మార్చి 31 నాటికి ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో అచ్చయింది. విడి ప్రతులు పెద్ద సంఖ్యలో విదేశాల్లోని శాస్త్రవేత్తలకు వెళ్లాయి. మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ ఇదే విషయాన్ని స్ఫటికాల్లో చూశారు, కానీ వాళ్ల వ్యాసం అచ్చయ్యేసరికి జులై వచ్చింది. అప్పటికి రామన్ పేరు భౌతికశాస్త్ర ప్రపంచంలో స్థిరపడింది. 1930లో నోబెల్ ఆయనకే వచ్చింది. వలస పాలనలోని ఒక ప్రయోగశాల తన మాటను తానే లోకానికి చేర్చుకున్న తీరుగా దీన్ని గుర్తుంచుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అడిగి తెప్పించుకునే పద్ధతి బాగా పెరిగింది. ఫిలడెల్ఫియా నుంచి యూజీన్ గార్‌ఫీల్డ్ తెచ్చిన కరెంట్ కంటెంట్స్ పత్రికల విషయసూచికలతో పాటు రచయితల చిరునామాలూ ఇచ్చేది. పోస్టుకార్డు మీద విన్నపం ముందే అచ్చయి ఉండేది. వ్యాసం పేరు, సంపుటి, పేజీ, సంవత్సరం కోసం చుక్కల గీతలు. విద్యార్థి వాటిని పూరించి, కింద తన చిరునామా స్టాంపు కొట్టి పోస్టులో వేస్తే, నెలా రెండు నెలలకు ఖాకీ కవరులో వ్యాసం వచ్చేది. పై మూలన రచయిత శుభాకాంక్షలు, సంతకం. విదేశీ పత్రికలకు చందా కట్టలేని కాలేజీల్లో పనిచేసే మన పరిశోధకులకు ఆ కార్డు గ్రంథాలయంతో సమానంగా ఉండేది.

విద్యార్థుల కోసం విడి ప్రతులు అమ్మిన పద్ధతీ ఉంది. సైంటిఫిక్ అమెరికన్ పత్రిక వ్యాసాలను ఫ్రీమన్ సంస్థ తక్కువ ధరకు విడివిడిగా అమ్మితే, అమెరికన్ కాలేజీల్లో అవి పాఠ్యపుస్తకాల పక్కన నిలిచాయి. విద్యార్థులకే కాదు, సామాన్య పాఠకులకూ ప్రతులు చేరాయి: రోడ్డు ప్రమాదాల మీద 1935లో రచయిత ఫర్నస్ రాసిన వ్యాసాన్ని రీడర్స్ డైజెస్ట్ పత్రిక లక్షల కొద్దీ ప్రతులుగా పంచింది.

అదే దారిలో మందుల వ్యాపారమూ నడిచింది. వయాక్స్ అనే నొప్పి మందు మీద 2000 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వ్యాసానికి 9,29,400 రీప్రింట్లు అమ్ముడయ్యాయి. అందులో ఎక్కువ భాగం కొన్నది మందు తయారుచేసిన మెర్క్ సంస్థే. వైద్యుడి బల్ల మీదికి చేరేసరికి ఆ కాగితానికి పత్రిక పేరున్న గౌరవమంతా ఉంటుంది. గుండెపోటు ప్రమాదం కారణంగా 2004లో ఆ మందును ఉపసంహరించుకున్నారు. వ్యాసంలో మూడు గుండెపోట్లు లెక్కకు రాలేదంటూ 2005 డిసెంబరులో పత్రిక సంపాదకులు ఆందోళన ప్రకటించారు. అప్పటికే పంచిన ప్రతులను వెనక్కి తీసుకోవడం మాత్రం ఎవరి తరమూ కాదు.

జిరాక్స్ యంత్రం వచ్చాక అడిగే అవసరం తగ్గింది. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ ప్రారంభించిన ఆర్కైవ్ (arXiv) అనే ఇంటర్నెట్ భాండాగారం ద్వారా అచ్చుకు ముందే వ్యాసం అందరికీ దొరకడం మొదలైంది. ఇప్పుడు పత్రికలు రచయితకు పంపేది పీడీఎఫ్ ఫైలు.

మిగిలిన కాగితపు ప్రతులు చరిత్రకారులకు ఆధారాలు. డార్విన్‌కు అందిన విడి ప్రతులు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటి అంచుల్లో పెన్సిలు గుర్తులను బట్టి ఆయన ఏది చదివారో, ఎక్కడ ఆగారో తెలుస్తుంది. చాలా గ్రంథాలయాల్లో మాత్రం ఇలాంటి ప్రతులను వరుసగా కలిపి బైండు చేసేటప్పుడు పై అట్టలు చించి పారేశారు. వాటితో పాటు సంతకాలూ, ఎవరికి పంపారో తెలిపే పేర్లూ పోయాయి. వీటి విలువ గుర్తించిన గ్రంథాలయాలు కుట్టకుండా, విడివిడిగా, ఆమ్లం లేని కాగితపు కవర్లలో ఉంచి, అట్ట మీది చేతిరాతను కూడా కేటలాగులో నమోదు చేస్తున్నాయి.