ముందు ఇరుసు – వెనక ఇరుసు



సూర్యాపేట నుండి కోదాడ వైపు సాగితే ఉండ్రుగొండ గుట్టలు, మునగాల దాటి నాలుగు వరుసల నున్నని రోడ్డు. ఒకప్పుడు దీనిని 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 65. కోదాడలో కుడిచేతికి మళ్ళి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు పోతే అంతా సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. నీటి వెంట వరి వచ్చింది, వరి వెంట మిర్యాలగూడకు రైసుమిల్లులు వచ్చాయి. కాలువ గట్ల వెంట బురద బాటలూ వచ్చాయి. రహదారికి ఒక రకం బండి కావాలి, బురద బాటకు మరొక రకం కావాలి. మాకున్నది ఒక్కటే.

అది పొడుగు బాడీ, రేకు కప్పు గల పాత మహీంద్ర ఫోర్‌వీల్ జీపు. మహీంద్రవారు 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఆ తరం బండ్లు పెట్రోలువి. మన పల్లెల్లో చాలామంది వాటికి డీజిల్ ఇంజన్లు ఎక్కించుకున్నారు. మాదీ అటువంటిదే. ఇంజను మార్చితే రవాణాశాఖ అనుమతి పొంది ఆర్సీలో ఎక్కించవలెనని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. ఆ పని నాకు ముందున్న యజమాని చేయించి ఉంచాడు.

చిక్కు మరొకచోట ఉన్నది. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనంత వేగంగా తిరగదు. వెనక ఇరుసులోని గేర్లేమో పాత పెట్రోలు బండివి. పెద్ద చక్రమైన క్రౌనుకు 43 పళ్ళు, దానిని తిప్పే పినియనుకు 8. బలం ఎక్కువ, పరుగు తక్కువ. రహదారి మీద యాభై దాటితే ఇంజను గోలపెట్టేది. లారీలు, బస్సులు హారన్ కొట్టుకుంటూ దాటిపోయేవి.

సూర్యాపేటలో మాకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. వెనక క్రౌను పినియను మార్చుమని అడిగాను. ఆయన నవ్వి, "ఎనకది ఒక్కటే మారిస్తే ఎట్ల అయ్యగారూ? ముందటిది ఏం పాపం చేసింది? మారిస్తే రెండూ మార్చాలె, లేకుంటే రెండూ ఉండనియ్యాలె" అన్నాడు. ముందు ఇరుసు చిన్నది, వెనకది పెద్దది. ఒకదాని క్రౌను రెండవదానిలో పట్టదు. అదే లెక్క గల ముందు ఇరుసు వేరుగా వెదకి కొనవలెను. అంత డబ్బు నా వద్ద లేదు. ఆయన మాట చెవిన పెట్టక, దారిలో మరొక షెడ్డులో పట్టుబట్టి వెనకదొక్కటే మార్పించాను. 41 పళ్ళు, 9 పళ్ళు.

రహదారి మీద బండి హాయిగా సాగింది. స్పీడు మీటరు ట్రాన్స్‌ఫర్ కేస్ నుండి తిరుగుతుంది గనుక, అది 51 చూపినప్పుడు బండి నిజానికి 60లో పోతున్నది. మేస్త్రీ అనవసరంగా భయపెట్టాడని అనుకున్నాను.

నవంబరు ముసురులో, నేరేడుచర్ల అవతల కాలువ గట్టు మీది ఒక పల్లెలో రాత్రివేళ ఒక ఇంటి కోడలికి నొప్పులు వచ్చాయి. ఆ బురదలోకి ఆటో రాదు. ఆమెను, అత్తగారిని ఎక్కించుకొని ఫోర్‌వీల్ లివర్ వేశాను. బురదలో బండి బాగానే నడిచింది. తారు రోడ్డు ఎక్కిన తరువాత లివర్ తీయబోతే రాలేదు. ఆగి చూచుటకు మనసొప్పక అట్లే పోనిచ్చాను. టైర్లు కీచుమంటున్నాయి. "బండి ఎందుకట్ల మొత్తుకుంటున్నది, అయ్యగారూ?" అని అత్తగారు అడిగింది. నేను జవాబు చెప్పేలోపే కింద ఫట్‌మని శబ్దమైంది. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ విరిగిపోయింది.

ఆ చీకటిలో, వానలో, ఆ తల్లి మూలుగు వింటూ రోడ్డు మీద నిలబడిన అరగంట నేను మరువలేను. మిల్లులో వడ్లు దింపి ఖాళీగా ఎదురు వస్తున్న ట్రాక్టరు అతను బండి తిప్పి, ట్రాలీలో గోనెసంచులు పరచి, మిర్యాలగూడ ఆసుపత్రికి చేర్చాడు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మరునాడు మిర్యాలగూడలో మరొక మేస్త్రీ నాకు నేల మీద సుద్దతో లెక్క వేసి చూపాడు. ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. షాఫ్టు 43 చుట్లు తిరిగితే ముందు చక్రం 8 చుట్లు, వెనకది దాదాపు తొమ్మిదిన్నర చుట్లు. ఒక కాడికి కోడెను, ముసలి ఎద్దును కట్టినట్లు. బురదలో చక్రం జారి ఆ తేడా తీరిపోతుంది. గట్టి రోడ్డు మీద జారదు గనుక బిగుసుకొని, బలహీనమైన చోట విరుగుతుంది.

పాత జీపులు గలవారు ఈ సంగతులు గమనించగలరు. కొనేముందు ఒక్కొక్క ఇరుసునూ జాకీ మీద ఎత్తి, దాని రెండు చక్రాలను కలిపి ఒక చుట్టు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించండి. ముందూ వెనకా ఒకే లెక్క రావాలి. క్రౌను, పినియను జతగా అరగదీసినవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలపరాదు. ఇరుసులు మార్చదలిస్తే ఒకే బండి నుండి దిగిన జత తెచ్చుకొనుట మేలు. సరియైన బండిలో కూడా గట్టి రోడ్డు ఎక్కగానే ఫోర్‌వీల్ తీసివేయాలి. లివర్ బిగుసుకుంటే బలవంతం చేయక, కొద్దిగా వెనకకు నడిపితే వదులవుతుంది. ఆ రాత్రి నాకు ఈ ఒక్క మాట తెలిసి ఉంటే చాలు.

నా పాత 43 – 8 జత మంచం కింద గోనెసంచిలో ఉన్నది. దానినే తిరిగి వేయించాను. ఇప్పుడు కోదాడ రోడ్డు మీద మళ్ళీ యాభై లోపే పోతున్నాను. లారీలు మళ్ళీ హారన్ కొడుతున్నాయి; ఎడమ పక్కకు తప్పుకొని దారి ఇస్తాను. సూర్యాపేట మేస్త్రీ వద్దకు వెళ్ళి జరిగినదంతా చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. టీ తెప్పించి, "పిల్ల మంచిగున్నదా?" అని మాత్రం అడిగాడు.