పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో

మా చిన్నమ్మ కువైట్‌కు ఇంటిపనికి పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. కడప సీమలో రాయచోటి, రాజంపేట వైపు ఊళ్లలో ఇలా పోయిన ఆడవాళ్లు చాలామందే. చిన్నమ్మకు రాయడం రాదు, మా జేజికి చదవడం రాదు. అక్కడ ఎవరో రాసిపెట్టిన ఉత్తరాన్ని ఇక్కడ పోస్టుమాను అరుగు మీద కూర్చుని, పదిమంది వింటుండగా చదివేవాడు. అన్ని ఉత్తరాల్లోనూ ఒకే మాట: నేను క్షేమం. ఆ ఇంట్లో తను ఏమేం పడిందో చిన్నమ్మ నాకు చెప్పింది తిరిగొచ్చిన పదేళ్లకు. అప్పుడే ఎందుకు రాయించలేదని అడిగితే, "ఎవురికి రాయల్ల? ఊరికా?" అంది.

ఎన్‌క్రిప్షన్ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ అరుగే గుర్తొస్తుంది.

2012లో ఆషర్ వుల్ఫ్ చొరవతో ఆస్ట్రేలియాలో 'క్రిప్టోపార్టీ'లు మొదలయ్యాయి. కంప్యూటర్ పెద్దగా తెలియనివాళ్లు ఒకచోట చేరి, తమ మాటలకు తాళం వేసుకోవడం ఒకరికొకరు నేర్పుకునే సభలవి. మనకిది కొత్తేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడటానికి దారి చూపినవి అక్షరాస్యత తరగతులే కదా! ఆ ధైర్యంతోనే కర్నూలు దగ్గర ఒక ఊళ్లో పొదుపు సంఘం సమావేశానికి వెళ్లాను.

చూపించడానికి ఒక కార్డుముక్క, ఒక కవరు పట్టుకెళ్లాను. వాటి అవసరమే రాలేదు. వాళ్ల డబ్బు పెట్టె అక్కడే ఉంది. పెట్టె ఒకరింట్లో ఉంటే తాళంచెవి ఇంకొకరింట్లో ఉంటుంది. వాట్సాప్‌లో 2016 నుంచి జరుగుతున్నది ఇదేనని చెప్పాను. పెట్టెను మోసేది కంపెనీ. తాళంచెవులు మాత్రం పంపినవాళ్ల ఫోనులో, అందుకున్నవాళ్ల ఫోనులో ఉంటాయి. లోపలి మాట కంపెనీకి తెలియదు. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్నది మాత్రం తెలుస్తుంది.

"మాకేముండాది మేడం దాచుకునేకి?" అని ఒకామె నవ్వింది.

ఆమె ఉపాధి కూలీ. జాబ్‌కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బాలో భద్రంగా దాచుకుంటుంది. 2017 మేలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను పరిశీలించి, దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని నివేదిక ఇచ్చింది. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. ఆమె డబ్బాలో దాచుకున్నదాన్ని సర్కారు సంతలో పరిచింది. అదే ఏడాది ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఇదంతా వివరించి, బాగానే చెప్పానని అనుకున్నాను.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న ఒకమ్మాయి నోరు విప్పింది. "దారిలో దొంగ సంగతి సరే మేడం. ఇంట్లో దొంగకేం చెయ్యల్ల? నా ఫోను మా ఇంటాయన చేతిలోనే ఉంటాది."

మన వాట్సాప్‌ను ఇంకో ఫోనుకో కంప్యూటరుకో కలిపి ఎవరైనా చదువుతున్నారేమో 'లింక్డ్ డివైసెస్'లో ఎలా చూసుకోవాలో చూపించాను. 2023లో వచ్చిన 'చాట్ లాక్' కూడా చూపించాను.

"తాళం కనపడితే చాలదా మేడం, తన్నేదానికి?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన పాఠాలన్నీ దూరాన ఉన్న శత్రువు గురించే. మగవాడు తాళం వేస్తే జాగ్రత్త, ఆడది వేస్తే రంకు అనే ఇంటి గురించి వాటిలో ఒక్క ముక్క లేదు.

జవాబు సంఘం లీడరు చెప్పింది. "మన డబ్బు పెట్టెకు తాళమెందుకని ఏ మొగోడన్నా అడిగినాడా? అడగడు. అది సంఘం కట్టుబాటు. దీనికీ అంతే. అందురం ఏసుకుంటే ఎవుర్నని అనుమానిస్తారు?"

నిపుణులు చెప్పేదీ ఇదే. ఆపదలో ఉన్నవాళ్లొక్కరే తాళం వేస్తే ఆ తాళమే వాళ్లను పట్టిస్తుంది. అందుకే దాచుకునేదేమీ లేదనుకునేవాళ్లు కూడా వేయాలి, లేనిదాని కోసం కాదు, పక్కనున్నామె కోసం. గోప్యత అంటే ఒంటరిగా గది తలుపు మూసుకోవడమని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అది నలుగురం కలిసి పెట్టుకునే కట్టుబాటని ఆరోజు తెలిసింది.

ఆ రోజు పదిహేనుమందిలో పదకొండుమంది తాళం పెట్టుకున్నారు. ఇద్దరు వద్దన్నారు. ఒకామెకు ఫోనే లేదు. అడిగిన అమ్మాయి మాత్రం "పైవారం చూస్తా" అంది. నేను బలవంతపెట్టలేదు. ఎప్పుడు వేసుకోవాలో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

కడప వెళ్లినప్పుడు ఇదంతా చిన్నమ్మకు చెప్పాను. "అప్పట్లో ఇట్లాటి ఫోనుంటే జేజికి నిజం చెప్పేదానివా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి అంది: "ఏమో! మీ జేజి ఫోను ఎవురి చేతిలో ఉండేదో."