టోపీ కింద కళ్ళు

బాల్కనీలో గులాబీ కుండీల మధ్య పెట్టడానికి గార్డెన్ నోమ్ కావాలంది మా చిన్నది. అదే, ఎర్ర టోపీ, తెల్ల గడ్డం ఉండే మరుగుజ్జు బొమ్మ. పేపరోణ్ణి కదా, దాని తారీఖ్ తవ్వాను. 1840లలో సర్ చార్లెస్ ఐషమ్ అనే ఇంగ్లీషు జమీందారు జర్మనీ నుంచి 21 మట్టి బొమ్మలు తెచ్చి తన బాగ్‌లో పెట్టాడు. వాటిలో ఇప్పుడు మిగిలింది ఒక్కటే.

అమ్మీ తస్బీ ఆపింది. "ఇంట్లో బుత్ పెడితే రహమత్ ఫరిష్తాలు రారు బేటా."

నాకు ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటి అత్తయ్య బొమ్మల కొలువులోంచి ఓ కొండపల్లి బొమ్మ ఇచ్చింది. వాపస్ ఇచ్చి రమ్మన్నారు అబ్బా. అప్పుడు చిన్నబోయిన ఆమె మొహం నాకింకా యాదుంది.

చిన్నదాని మొహమూ అలాగే కావడం చూడలేక ఫోన్లో మళ్ళీ వెతికాను. స్వీడన్ వాళ్ళు టోమ్టె అనే రకం కనబడింది. టోపీ ముక్కు దాకా దిగి ఉంటుంది, కళ్ళు అసలే కనబడవు.

అమ్మీ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మా అమ్మ పాత చీర పేలికలతో ఇట్లాంటి గుడియాలే కుట్టేది, మొహం లేకుండా. సరే, కుండీల దగ్గరే ఉంచండి. జానమాజ్ వైపు వద్దు."

"షుక్రియా దాదీ!" అంటూ చిన్నది చుట్టేసుకుంది. నేను మాత్రం మనసులో ఆ అత్తయ్యను మాఫీ అడిగాను.